కాంట మనిషి ఊపిరి

బక్కయ్యకు దమ్ము, ఊపిరాడని ఆయాసం, మొదలై పదకొండేళ్లయింది. మొదటి ఎనిమిదేళ్లు అదేం రోగమో ఎవరూ తేల్చలేదు. ఊళ్లో సూదులేసే డాక్టరు సూది పొడిస్తే పది రోజులు బాగుండేది, మళ్లీ లేచేది. ఇంకొకాయన క్షయ అని, కళ్లె పరీక్షలో ఏమీ కనబడకపోయినా ఆరు నెలలు గోళీలు మింగించాడు. మరొకాయన బీడీలు మానెయ్యమన్నాడు. బక్కయ్య జన్మలో బీడీ ముట్టినవాడు కాదు. పేదవాడి ఛాతీ గురించి మాట చెప్పడానికి అందరూ ముందుంటారు, గొట్టం పెట్టి వినే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు.

చివరికి మానుకోట పెద్ద దవాఖానలో ఉమారాణి అనే డాక్టరమ్మ విన్నది. మిషన్ గొట్టంలో ఊదించింది, మందు పీల్పించి మళ్లీ ఊదించింది, రక్తం తీయించింది. ఇది ఉబ్బసం, అందులోనూ మొండి రకం అని చెప్పింది. అప్పటినుంచి రెండు పూటలా పీల్చే మందు. అది చాలక రోజూ ఒక స్టెరాయిడ్ గోళీ. ఆ గోళీతో మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది, అయినా మిరపకాయల కాలం వచ్చిందంటే దమ్ము లేస్తూనే ఉంది.

మిరపకాయల కాలమే బక్కయ్య బతుకు. రైతుల సరుకు తూచి అమ్మిపెట్టే రామచంద్రం సేటు అడ్తి దుకాణంలో అతడు కాంట మనిషి. పదిహేడేళ్లు హమాలీగా బస్తాలు మోసి, అందరికంటే గొంతు పెద్దదని కాంట దగ్గరికి ఎక్కాడు. కాంట మనిషి పని తూకం చూసి కేకెయ్యడం. గుమాస్తా వంచిన తల ఎత్తకుండా ఆ కేక రాసుకుంటాడు. ముల్లు వైపు చూడడు, చూడకూడదు. ముల్లు నలభై రెండు దగ్గర ఆగితే కేక నలభై ఒకటి. పోయిన కిలో తరుగు. రైతుకు తెలుసు, సేటుకు తెలుసు, బక్కయ్యకు తెలుసు. తాతల నాటి రివాజు. ముళ్ల కాంటలు పోయి అంకెలు మెరిసే కాంటలొచ్చినా రివాజు పోలేదు.

నిరుడు మాఘమాసంలో కాంట పక్కనే బక్కయ్య కుప్పగూలాడు. ఈసారి కాలం మొదలు కాకముందే సేటు పిలిపించాడు.

"బక్కయ్యా, నువ్వు నా దుకాణంల సచ్చినవనుకో, నీకేం గాదు, నాకైతది," అన్నాడు రామచంద్రం. "డాక్టర్ దగ్గర మంచిగున్నవని కాయితం తే. తెచ్చినవా, కాంట నీదే. లేదంటే మా బామ్మర్ది కొడుకు ఖాళీగ కూసున్నడు."

"తెస్త సేటూ. నాకేమైంది, దున్నపోతు లెక్కున్న."

"దున్నపోతు గిట్ల పిల్లికూతలు కూస్తదా ర?"

గుమాస్తా నవ్వాడు. బక్కయ్య కూడా నవ్వాడు. నవ్వితే దగ్గు వస్తుందని సగంలోనే ఆపుకున్నాడు.

కాగితం అడిగితే ఉమారాణి వెంటనే ఇవ్వలేదు. జానెడు ప్లాస్టిక్ గొట్టం ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద అంకెలు, పక్కన జరిగే ఎర్ర ముల్లు.

"పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు గట్టిగ ఊదు. మూడింట్ల ఎక్కువొచ్చింది బుక్కుల రాయి. ఒక నెల రాసుకొని రా. నీ ఎత్తుకు, నీ వయసుకు ఐదు వందల దాక రావాలె. నాలుగు వందలు దాటుతుంటే గోళీ తగ్గిస్త, కాయితం మీద సంతకం పెడ్త."

"తక్కువొస్తే, మేడం?"

"తక్కువొస్తే నువ్వు ఆ మిర్చి దుమ్ముల అడుగు పెట్టొద్దు. నీ అసొంటోళ్లకు కొత్త సూది ఒకటున్నది, నెలకొక్కటి. బాగ పిరం. సర్కారు తరఫున ఇప్పియ్యాల్నంటే పైకి రాసి పంపాలె. దానికి గూడ ఈ బుక్కే సాక్ష్యం." ఆమె అతడి మొహంలోకి చూసింది. "ఉన్నదున్నట్టు రాయి, బక్కయ్యా."

ఇంటికొచ్చేదాకా బక్కయ్య ఆ రెండు మాటలనే తూచుకున్నాడు. ఒక వైపు కాంట, ఒక వైపు సూది. సూది వస్తుందో రాదో డాక్టరమ్మకే తెలియదు. కాంట చెయ్యి జారితే మళ్లీ రాదని మాత్రం అతడికి బాగా తెలుసు. యాభై రెండేళ్లవాడిని తిరిగి బస్తాల కిందికి కూడా రానివ్వరు.

మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని ఊదాడు. కోడలు రజిత నోటుబుక్కు పట్టుకుని పక్కన కూర్చుంది. ఇంట్లో రాయడం వచ్చింది ఆమెకే. కొడుకు దిలీప్ భూపాలపల్లిలో టిప్పర్ నడుపుతాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు.

ముల్లు నూట డెబ్బై దగ్గర ఆగింది. మళ్లీ ఊదితే నూట అరవై. మూడోసారి నూట డెబ్బై అయిదు.

"నాలుగు వందల పదీ..." అని కేకేశాడు బక్కయ్య, అచ్చం దుకాణంలో వేసినట్టే.

రజిత రాసింది. రాసి, గొట్టం వైపు చెయ్యి చాచింది. "ఏది మామా, నేను గూడ జర సూస్త."

"రాసేటోళ్లు సూడొద్దు బిడ్డా. కేకేసినోని మాటే మాట. కాంట కాడ రివాజు గదే."

"గిది కాంట కాదు గద మామా."

"ముల్లున్నదంటే కాంటనే," అని అతడు ముల్లును వేలితో సున్నాకు తోసేశాడు.

లోపల పొయ్యి దగ్గరినుంచి భార్య గట్టమ్మ అందుకుంది. "అంతగనం ఊపిరుంటే గా బిందె నీళ్లు తేరాదు? రాత్రంత కూసోని ఎగపోసి, పొద్దుగాల పైల్వాన్ అయిండు మనిషి."

నెలంతా అట్లాగే నడిచింది. నాలుగు వందలు, నాలుగు వందల పది, నాలుగు వందల ఐదు. మామ పెదవులు నీలంగా ఉన్న పొద్దున కూడా రజిత నాలుగు వందలే రాసింది. పెళ్లై ఏడాది కాని కోడలు, మామ మాటకు ఎదురు ఎంతవరకని చెబుతుంది? బక్కయ్యకు మాత్రం పదో దినం దాటాక తప్పు చేస్తున్నానన్న ఆలోచనే రాలేదు. ఇన్నాళ్లూ ఊరి రైతులకు తగ్గించి కేకేసిన నోరు, ఒక్కసారి తనకోసం పెంచి కేకేసింది. అందులో అన్యాయం ఏముంది అనుకున్నాడు.

బుక్కు చూసి ఉమారాణి ముఖం విప్పారింది. ఆ రోజు బయట వరండా అంతా రోగులే, గొట్టంలో ఊదించే మిషన్ మరమ్మతుకు పోయింది. ఛాతీ మీద గొట్టం పెట్టి వింది, కొంచెం అనుమానంగా తల పంకించింది. "కూతలైతే ఉన్నయి. కాని బుక్కు మంచిగున్నది," అని గోళీ సగం చేసింది, కాగితం రాసిచ్చింది. పదిహేను రోజులకు మళ్లీ రమ్మంది.

పదిహేను రోజులు పట్టలేదు. తొమ్మిదో రోజున దుకాణం ఉన్న మార్కెట్ యార్డు నిండా ఎర్రటి మిరప రాశులు. గాలి తిరిగితే బండలాంటి హమాలీ కూడా కళ్లు మూసుకునే ఘాటు. బక్కయ్య మొహానికి తువ్వాల చుట్టుకుని పొద్దటినుంచి రెండు వందల బస్తాలు కేకేశాడు. నర్మెట్ట నుంచి సరుకు తెచ్చిన రైతు ఒకడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. కాంట మీద అంకె మెరిసింది. బక్కయ్య నోరు తెరిచాడు. గాలి లోపలికి పోలేదు, మాట బయటికి రాలేదు.

"నలభై... నల..."

"జోరుగ అను బక్కయ్యా, వినొస్తలేదు," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

జేబులోని పీల్చే మందు పంపు తీసి నాలుగుసార్లు కొట్టుకున్నాడు. రెండు చేతులూ కాంట మీద ఆనించి ముందుకు వంగాడు. కాంట మీద అంకె గబగబా పెరిగింది. అప్పుడు తల ఎత్తాడు గుమాస్తా.

హమాలీలు ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ఆక్సిజన్, మందు పొగ, సెలైన్. రెండు రోజులు ముక్కు నోరు కప్పి మిషన్ ఊపిరి ఊదింది. మూడో రోజు కళ్లు తెరిచాడు. మంచం పక్కన గట్టమ్మ, రజిత. కాళ్ల దగ్గర బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని రామచంద్రం సేటు. డాక్టరు కాగితం ఇచ్చాకే మనిషిని పెట్టుకున్నానని పది మందిలో చెప్పుకోవడానికి వచ్చాడు.

ఉమారాణి చేతిలో నోటుబుక్కు ఉంది. "ఏ రోగం లేని నాకే పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు వస్తది. నెలంత ఒక్క గీత మీద ఎట్లున్నవయ్యా నువ్వు? నేనే అనుమానపడాల్సుండె. దీన్ని నమ్మి గోళీ తగ్గించిన. ఇగ జెప్పు, ఈ అంకెలు నీయేనా?"

"మా బక్కయ్య అంకె తప్పడు మేడం," అన్నాడు సేటు. "ఇరవై రెండేండ్ల సంది సూస్తున్న."

బక్కయ్య సేటు వైపు చూశాడు. అవునంటే కాంట ఇంకా ఉంటుందేమో. ఒక నెల ఆగి మళ్లీ ఎక్కొచ్చేమో. ఆక్సిజన్ ముసుగు కింద నాలుక పెదవుల మీద ఆడింది.

"నేనే రాసిన మేడం," అన్నది రజిత. "మామకు రాదు. నేనే... తప్పు రాసిన్నేమో."

గట్టమ్మ విసురుగా తిరిగింది. "నువ్వా? ఇంటి మనిషిని సంపెటందుకు రాసినవా నువ్వు?"

బక్కయ్య ముసుగు పక్కకు లాగేసుకున్నాడు. "ఏయ్, పిల్లనేమనకు." ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటున్నాడు. "నేను కేకేసిందే రాసింది. నూట డెబ్బై మేడం. ఏనాడూ... రెండు వందలు దాటలే."

సేటు బ్రెడ్డు ప్యాకెట్టు మంచం మీద పెట్టాడు.

"పానం ముఖ్యం బక్కయ్యా. ఇగ కాంట ముచ్చట మర్శిపో," అని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే బామ్మర్ది కొడుకు కాంట దగ్గర నిలబడ్డాడని హమాలీల ద్వారా తెలిసింది.

ఇప్పుడు నోటుబుక్కులో నిజం అంకెలు పడుతున్నాయి. నూట అరవై, నూట యాభై, ఒకరోజు నూట తొంభై. రజిత ముల్లు చూసి రాస్తుంది. సూది కోసం ఉమారాణి కాగితాలు పైకి పంపి రెండు నెలలైంది. పోయినప్పుడల్లా అడిగితే ఆమె ఒకటే మాట చెబుతుంది, "రాలే, మళ్లా రాసిన." గోళీ మళ్లీ నిండుగా వేసుకుంటున్నాడు. నడుం ఎముక నొప్పి మొదలైంది.

దిలీప్ పంపేది చాలడం లేదు. గట్టమ్మ మిరపకాయల ముచ్చికలు తీసే పనికి పోతోంది. ఆ కాలంలో ఆడవాళ్లకు పని దొరికేది అడ్తి దుకాణాల్లోనే, పిలిచింది రామచంద్రం సేటే. పొద్దంతా రాశుల మధ్య కూర్చుని వస్తే చీర మడతల్లో, వెంట్రుకల్లో, గోళ్ల కింద కారం. మొదటిరోజు ఆమె అట్లాగే గడప దాటింది. నిమిషంలో బక్కయ్యకు దమ్ము లేచి తెల్లారేదాకా దిగలేదు.

అప్పటినుంచి సాయంత్రం ఆమె వాకిట్లోనే ఆగుతుంది.

"వచ్చిన్నయ్యా," అంటుంది.

బక్కయ్య గోడ పట్టుకుని లేచి, తలుపు మూసి గొళ్లెం పెడతాడు. తడక వెనక ఆమె చన్నీళ్లు తల మీద పోసుకుంటుంటే ఆ చప్పుడు వింటూ తలుపుకు వీపు ఆనించి కూర్చుంటాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఎన్నడూ పొద్దుగూకాక తలంటుకున్నది లేదు.

"గట్టమ్మా, ఐపోయిందా?"

"ఏడ ఐపోయింది, జిడ్డు లెక్క పట్టుకున్నది గిది. నువ్వు తిను. ఎంటికెలు ఆరేదాక నేను లోపలికి రాను."

రజిత కంచంలో అన్నం పెట్టింది. అతడు తలుపు దగ్గరే కూర్చుని తిన్నాడు.