శవానికి యాస ఉండదు

ఆక్టోపస్‌ని శుభ్రం చెయ్యడం బ్రహ్మవిద్యేం కాదు గానీ, ఓపిక కావాలి. తలకాయ తిరగేసి లోపలి సంచీ పీకెయ్యాలి, కాళ్ల జిగురు వదిలేదాకా ఉప్పేసి రుద్దాలి. ఎస్తెల్ పొద్దున్నించీ అదే పనిలో ఉంది. మొగుడి స్నేహితులు పారిస్ నుంచి మధ్యాహ్నం భోజనానికి దిగుతున్నారు. ఫ్రాన్స్ దక్షిణపు కొసనున్న ఈ సెత్ రేవుకొచ్చినవాళ్లకి ఆక్టోపస్ కూరి కాల్చిన రొట్టె పెట్టకపోతే ఎలా అని ఆయన మాటిచ్చేశాడు. మాట ఆయనది, చేతులు ఈవిడవి. కాపురం మొదలైనప్పట్నించీ అదే పంపకం అనుకోండి.

"ఎస్తెల్, ఇది విను!" ముందుగదిలోంచి మొగుడు బెర్‌ట్రాన్ కేకేశాడు. "'చేపలమ్మే ఇంట్లో నాకు దొరికిన ముత్యం...' ఎలా ఉంది?"

"బావుంది."

"ముత్యం అంటే మరీ ఎక్కువైందా?"

"లేదు, బావుంది."

"నువ్వు స్టేజెక్కి ఓ నవ్వు నవ్వు చాలు. మాట్లాడేది నేను చూసుకుంటా."

ఆ సాయంత్రం ఊళ్లో సినిమాహాల్లో ఎస్తెల్‌కి సన్మానం. పడుచు వయసులో ఆవిడ వేసిన తొలి వేషాలు చూపిస్తారట. తొలి అంటున్నారు గానీ, అవే చివరివి కూడా. మొదటి దాంట్లో పనిమనిషి, రెండో దాంట్లో రొట్టెల కొట్టు పిల్ల, మూడో దాంట్లో కాలవలో పడి చచ్చిపోయిన మనిషి.

ఎస్తెల్ ఉప్పు చేత్తో నుదురు తుడుచుకుంది. కోపం రావాల్సిన చోట ఈమధ్య అలుపొస్తోంది ఆవిడకి. కోపానికైనా కాస్త నిద్ర కావాలి కదా. పెళ్లయిన కొత్తలో పారిస్‌లో అత్తగారు ఖాళీ వైన్ సీసా బిరడా తెచ్చి పళ్లమధ్య పెట్టించేది. "దీంతో చదువమ్మాయ్, ఆ దక్షిణాది సాగదీత వదుల్తుంది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం తక్కువ మాట్లాడు, వాళ్లకి చెవులు నొప్పి." ఆ బిరడా పులుపు ఇప్పటికీ నాలిక మీద ఉంది. యాస వదిలింది, పులుపు వదల్లేదు.

బెర్‌ట్రాన్ అప్పట్లో అసిస్టెంట్ డైరెక్టరు. "నీ మొహం సినిమాకి పుట్టింది, నోరు చేపలబజారుకి పుట్టింది," అని ముద్దుగా అనేవాడు. రొట్టెల పిల్ల వేషంలో పెద్ద సీనుంది. యజమాని మీద తిరగబడి పని మానేసే సీను. షూటింగులో ఎస్తెల్ తన గొంతుతోనే దడదడలాడించింది. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన ఒక పారిస్ అమ్మాయిని పిలిచి, ఆ మాటలన్నీ ఆమెతో చెప్పించేశాడు. పెళ్లానికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ సంగతి ఎస్తెల్‌కి తెలిసింది ఈ ఊళ్లోనే, ఇవాళ సన్మానం చేసే హాల్లోనే, పక్క సీట్లో అమ్మ ఉండగా.

వంటింటి తలుపు తోసుకుని అక్క కార్మెల్ వచ్చింది, బుట్టెడు ఆల్చిప్పల్తో. చేపలబజారులో ఇంకా కొట్టు నడుపుతోంది.

"ఏటే ముత్తెమా, నీకియాల సన్మానవా? మరి ఈ కంపేటి?"

"విన్నావా?"

"ఈదంతా ఇన్నాది. ఆయన గొంతు సిన్నదేటి!" కార్మెల్ కుర్చీ లాక్కుంది. "ఆ రొట్టిల బొమ్మ మళ్లీ ఏత్తారా? నాను రాన్లే."

"రావా?"

"అమ్మ ఉన్నప్పుడు సూసేను, సాలు."

ఎస్తెల్ మళ్లీ ఉప్పందుకుంది. ఆ సినిమా వచ్చేనాటికే అమ్మ కళ్లకి పొర కమ్మేసింది. కూతురి సినిమా అని నల్ల గౌను తొడుక్కుని, ముందు వరసలో కూర్చుని మొత్తం వింది. అయిపోయాక బయటికొచ్చి కార్మెల్ చెయ్యి పట్టుకుని అడిగింది: "మరి మన పిల్ల ఎప్పుడొత్తాది?"

చచ్చిపోయేదాకా అమ్మ అనుకున్నదదే, పిల్లని సినిమాలోంచి తీసేశారని.

భోజనాల దగ్గర ఎప్పటి హాస్యమే. "మూడో వేషానికి మాత్రం డబ్బింగ్ ఖర్చు మిగిలింది," బెర్‌ట్రాన్ వైన్ పోస్తూ అన్నాడు. "శవానికి యాస ఉండదుగా!" అందరూ నవ్వారు. ఎస్తెల్ కూడా నవ్వి, ఎంగిలి పళ్లేలు తీసింది. ఎముకలు కొరికే చలిలో, కాలవనీళ్లలో రోజంతా పడుకున్నది ఎవరికి గుర్తుంది? ఆ మూడింట్లో నిఖార్సుగా ఆవిడది అన్న వేషం ఆ శవం ఒక్కటే. నీళ్లలోంచి తీసినదాన్ని మళ్లీ తడి గిన్నెల ముందు నిలబెట్టారు, అంతే తేడా అనుకుంది.

సాయంత్రం హాలు నిండింది. ఎస్తెల్ స్టేజెక్కింది, నవ్వింది. బెర్‌ట్రాన్ మైకు పుచ్చుకుని ముత్యం గురించి చెప్పాడు, చెప్పాడు, చెప్పాడు. చప్పట్లయ్యాక లైట్లు తగ్గాయి. తెర మీద రొట్టెల కొట్టు వచ్చింది. పిండి చేతుల్తో ఇరవయ్యేళ్ల ఎస్తెల్ నోరు తెరిచింది, పారిస్ అమ్మాయి మాట్లాడింది.

వెనక గుమ్మం దగ్గర నల్లశాలువా కప్పుకుని ఎవరో నిలబడ్డారు. కార్మెల్. రానంటూనే వచ్చింది.

ఎస్తెల్ మొగుడి చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కోలేదు, పళ్లెం తీసినట్టు తీసుకుంది.

"ఈ సీను మళ్లీ మొదట్నించీ వెయ్యి నాయనా," అంది పైన మిషను గదిలో ఉన్న కుర్రాడితో. "సౌండు మాత్రం తీసెయ్."

"ఎస్తెల్, ఏంటిది?" బెర్‌ట్రాన్ గొణిగాడు. ఆవిడ అటు చూడలేదు.

కుర్రాడు సౌండు తీసేసి సీను మళ్లీ మొదలెట్టాడు. తెర మీద పిల్ల చేతులు దులుపుకుంది, యజమాని వైపు తిరిగింది, పెదాలు కదిలాయి. బిరడా పులుపు మింగి, ఎస్తెల్ ఆ పెదాలకి సరిగ్గా అందుకుంది.

"రేపట్నుంచి నాను రాను. ఈ పిండేదో నువ్వే పిసుక్కో."