భారతమ్మ రావాల్సిన గురువారం

ఉప్పు అడగాల్సిన పనే లేదు, విస్తరి కొసన ఉప్పు ఉండనే ఉంది, అయినా తల అటు తిప్పి వడ్డించే అతన్ని కేకేసి మరీ ఉప్పు అడిగింది వేదిక, ఎందుకంటే ఎదురు వరసలో కూర్చున్న భారతమ్మ తనను చూసి నవ్వి చెయ్యి ఎత్తబోతోంది, ఆ చెయ్యి పూర్తిగా లేచేలోపు తన ముఖం ఎటో ఒకవైపు వెళ్ళిపోవాలి, వెళ్ళిపోయింది, పుత్తూరు కల్యాణ మండపంలో ఆదివారం చేసిన ఆ ఘనకార్యం గురువారం వచ్చినా పంటిసందులో ఇరుక్కున్న వక్కపలుకులా అక్కడే ఉంది, నాలుక మాటిమాటికీ అక్కడికే పోతోంది, ఇదిగో ఇప్పుడు తిరుపతిలో ఈ ఆస్పత్రి రెండో అంతస్తు చివరి గదిలో ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుంటే ఇంకా ఎక్కువగా పోతోంది, ఇది భారతమ్మ వేళ, వారం వారం సత్యవేడు బస్సు దిగి, ఆటో ఎక్కి, మెట్ల దగ్గర ఆయాసపడి, తలుపు తోసి, సల్లగా ఉండాది పాపా ఈ రూము అంటూ కొంగుతో మెడ తుడుచుకుని కూర్చునే వేళ, వేళ దాటిపోయింది, మనిషి రాలేదు.

వస్తుందిలే, బస్సు ఆలస్యమై ఉంటుంది అని తనకు తాను చెప్పుకుంటోంది గానీ ఎదుటివాళ్ళతో ఇలాంటి మాటలు అనకూడదని కదా చదువుకుంది, అన్నీ సర్దుకుంటాయిలే అనకూడదు, ధైర్యంగా ఉండు అనకూడదు, నేనైతేనా అని అసలే మొదలుపెట్టకూడదు, కౌన్సెలర్ అంటే సలహాలు చెప్పే మనిషి అని ఊరంతా అనుకుంటుంది, నోటిదాకా వచ్చిన సలహాను మింగడానికే తనకు జీతమని చెబితే నమ్మేవాళ్ళు లేరు, నాయన రంగరాజు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అయితే మాట్లాడకుండా కూసున్నందుకు జీతమిస్తారా తల్లీ, అట్ల కూసునేవాళ్ళు మా ఆఫీసులోనూ ఉన్న్యారు, పాపం వాళ్ళను ఇన్నాళ్ళూ సోమరిపోతులని అనుకుంటిమే అన్నాడు, బంధువులేమో కౌన్సెలింగ్ మాట వినగానే మావాడికి ఏ కాలేజీలో సీటొస్తాదో సూడమ్మా అని ర్యాంకు చెబుతారు, ఆస్పత్రిలో సగం మందికి ఇది బీపీ చూసే గది, ఇప్పుడే ఒకాయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూనే తలుపు తోసి, ఇంజెక్షన్ ఈడేనామ్మా అన్నాడు, ఇక్కడ మాట్లాడటమేనండీ అంటే, వట్టి మాటలకు ఒక రూమా అని నోరు తెరిచి, ఫ్యాను కింద కాసేపు గాలి తగిలించుకుని మరీ వెళ్ళాడు, ఆయన మీద నవ్వొచ్చింది గానీ తలుపు కదిలినప్పుడు భారతమ్మే వచ్చిందనుకున్న మాట నిజం.

మొదటిసారి భారతమ్మ కూడా పొరపాటుగానే వచ్చింది, మోకాళ్ళ నొప్పని ఎముకల డాక్టరు దగ్గరికి వస్తే, ఆయన చూసి మోకాళ్ళు బాగానే ఉన్నాయి మనిషే బాగాలేదని ఇటు పంపించాడు, ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ మోకాళ్ళ నొప్పే, బస్సెక్కే ముందు కింద మందుల షాపులో ఒక పూతమందు గొట్టం కొనుక్కుని పోతుంది సాక్ష్యానికి, గూట్లో పేర్చి పెట్టినా పాపా, మా ఇంటాయన గూడా పూసుకుంటా ఉండాడు, ఆయప్ప మోకాళ్ళు నయమైనాయి అని చెప్పి తనూ నవ్వింది ఒకరోజు, ఆ నవ్వు చూడటానికి వేదికకు ఎన్ని గురువారాలు పట్టాయో, అసలు కథ మోకాళ్ళది కాదు, చెల్లెలు మునిలక్ష్మిది, అక్కాచెల్లెళ్ళు ఒకే పందిట్లో అన్నదమ్ములిద్దరికీ భార్యలై ఒకే ఇంటికి వచ్చారు, ఒకే వంటిల్లు, ఒకరు సంగటి గెలికితే ఒకరు పప్పు ఎనిపేది, ఆ చెల్లెలు పోయాక భారతమ్మ వంటింటి గడప లోపల కాలు పెట్టలేదు, కోడలు పెట్టింది పెట్టినట్టు కుక్కకు పెట్టి వచ్చేది, మనిషి చిక్కి సగమైతే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, వేదిక ఆ తాయెత్తును చూసింది, తియ్యమనలేదు, కట్టినవాళ్ళకు కూడా ఈమె మీద ప్రేమే కదా అనుకుంది, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఈమధ్య ఒక పూట ముద్ద నోట్లో పెట్టుకుంటోంది, ఆ ఒక్క ముద్ద వార్త వింటే వేదికకు ఆ రోజంతా పండగ.

పోయిన గురువారం ఆమె అసలు మాట చెప్పింది, జబ్బుందని ఎవరికీ తెలియని రోజుల్లో చెల్లెలు పగటిపూట పడుకుంటుంటే, నీకు పనిదొంగతనం అలవాటైనాది అనేసిందట చుట్టాల ముందు, మద్రాసు ఆస్పత్రిలో జబ్బు పేరు తెలిశాక పరిగెత్తిపోయి మంచం పక్కన నిలబడి, లక్ష్మీ అని పిలిస్తే, ఆ పిల్ల ఒకసారి చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది, మళ్ళీ ఇటు తిరగలేదు, తిరగకుండానే పోయింది, నా మొగం సూడడానికి గూడా దానికి ఇష్టం లేకపోయినాది పాపా అని కొంగు నోట్లో కుక్కుకుంది భారతమ్మ, అప్పుడు వేదిక నాలుక చివర ఒక మాట తయారుగా నిలబడింది, నొప్పి మీకు కనపడకూడదని తిప్పుకుందేమో అమ్మా అని, ఎంత తీపి మాట, ఎంత సులువైన మాట, కానీ అది వేదిక మాట, చెల్లెల్ని ఒక్కనాడూ చూడని మనిషి మాట, అది ఇస్తే ఆమె మర్యాదకు తీసుకుని బస్సులోనే పారేసుకుంటుంది, అందుకని మింగింది, ఊరికే పక్కన ఉండి ఏడవనిచ్చింది, ఆ తర్వాత మూడు పొద్దులు గడవకుండా పెళ్ళిలో తానే ముఖం తిప్పింది, ప్రపంచంలో ఇన్ని తప్పులుండగా సరిగ్గా ఆ తప్పే ఏరుకుని చేసింది.

ఈ పని నేర్పిన ధనంజయ సార్ చెప్పిన పాఠమే, బయట కనబడితే మీరు ముందు పలకరించకండమ్మా, మీ దగ్గరికి వస్తున్నారన్న సంగతి వాళ్ళ సొత్తు, మీది కాదు, పక్కవాళ్ళు ఎవరీమె అని అడిగితే వాళ్ళు అబద్ధం వెతుక్కోవాల్సి వస్తుంది, వాళ్ళే పలకరిస్తే మాత్రం నిండుగా పలకండి, ఈ చివరి ముక్క ఏమైంది, పట్టుచీర, సన్నాయి, సాంబారు పొగ మధ్య ఎటు పోయింది, సార్ ఆ ఒక్క ముక్క గట్టిగా చెప్పి ఉండాల్సింది, కాదు, సార్ బాగానే చెప్పాడు, సరిగా విననివి తన చెవులే, భారతమ్మ పక్కన ఆమె ఆడబిడ్డ ఉంది, వాళ్ళకు తెలిస్తే అన్న కంగారు, దాని కింద ఇంకో కంగారు, పక్కనే తన అమ్మ, అమ్మ అడిగితే ఏం చెప్పాలని, అమ్మ పెరుందేవి అడగనే అడిగింది, తిరుగు బస్సులో సీటు దొరికీ దొరకకముందే, ఆయమ్మ ఎవరో నీపక్క జూసి నిండుగా నవ్వితే నువ్వు ఉప్పడగతావా, నీకు ఉప్పెక్కువైతాదని ఇంట్లో నేను దాస్తా ఉంటే, మీ నాయన దారినపోయే కుక్కను గూడా ఎప్పుడొచ్చినావప్పా అని పలకరిస్తాడు, ఆయన కడుపున పుట్టి నీకు ఈ గుణం యాడినుంచి వచ్చె, ఇంత చదివినావు, మనిషిని పలకరించేది ఏ క్లాసులో మర్చిపోయినావే అని, వేదిక కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, చిన్నప్పటినుంచీ అమ్మ దగ్గర గోరంత దాచని పిల్ల, పేషెంటమ్మా అన్న ఒక్క మాట చెబితే అమ్మ చల్లబడుతుంది, చెప్పడానికి లేదు, మాట పడింది, ఇంటికెళ్ళేదాకా పడుతూనే ఉంది, అలిగినా అమ్మ అమ్మే గనక ఈ పొద్దున డబ్బాలో దద్దోజనం పెట్టి, పెట్టినట్టు తెలియకుండా బ్యాగులో దోపింది.

గుణశేఖర్ తలుపు సందులోంచి తల పెట్టాడు, ఈ అంతస్తులో పేర్లు పిలిచే పెద్దాయన, మేడమ్ మీ సత్యవేడు ఆమె ఈ పొద్దు రాలేదే, బయట కూసున్నోళ్ళను పంపేదా అని, ఇంకాసేపు చూద్దామండీ అంది వేదిక, ఒక ఫోన్ కొట్టండి మేడమ్, యాడుందో తెలిసిపోతాది అన్నాడు, తెలియక కాదు, ఉన్న ఒక్క నంబరూ ఆమె ఇంటాయనది, ఆస్పత్రినుంచి మాట్లాడే గది వాళ్ళం అని చెబితే మోకాళ్ళ కథ మొత్తం బయటపడుతుంది, చెయ్యకూడదు, చెయ్యకపోతే ఆమె ఇంకెప్పుడూ రాకపోవచ్చు, అలిగి ఇంట్లో కూర్చుంటే ఆ ఒక్క ముద్దా మళ్ళీ కుక్కకే పోతుంది, రెండోసారి కూడా ముఖం తిప్పుకున్నారని, తప్పు తనలోనే ఉందని, చెల్లెలి దగ్గరికే పోతానని ఆమె అనుకుంటే, ఆ ఆలోచన దగ్గర వేదికకు నిజంగానే భయమేసింది, కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళ మీదా ఇంత ఇష్టం పెంచుకోకూడదమ్మా అని సార్ అనలేదు, ఇష్టం ఉండనీ, దాని మీద ఒక కన్నేసి ఉంచు అన్నాడు, కన్ను వేసే ఉంచింది, అది చూస్తూ చూస్తూనే పెరిగింది, ఆయాసంతో కూడిన ఆ గొంతు లేకపోతే గురువారం గురువారంలాగే లేదు.

తలుపు తెరుచుకుంది, ఈసారి మనిషి ఆగలేదు, అడగలేదు, నేరుగా వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది భారతమ్మ, సల్లగా ఉండాది అనలేదు, మెడ తుడుచుకోలేదు, బస్సు నాగలాపురం కాడ చెడిపోయినాది అని మాత్రం గోడతో చెప్పింది, ఎదుటివాళ్ళు మొదలుపెట్టేదాకా ఆగడం వేదికకు వచ్చిన విద్యే, ఇప్పుడు ఆగితే మాత్రం అది విద్య కాదు పిరికితనం, అందుకని తనే అంది, ఆదివారం మీరు చెయ్యెత్తినప్పుడు నేను చూశానమ్మా, చూసే ముఖం తిప్పుకున్నాను అని, భారతమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి, ఉండు పాపా, నన్ను సెప్పనీ, ఈ పొద్దు బస్సే ఎక్కగూడదు అనుకున్నా, మల్ల ఎక్కినా, బస్సు ఆగిపోయేదాకా నిన్ను తిట్టుకుంటానే వచ్చినా, మనిషిని జూసి మొగం తిప్పుకునేది ఒక సదువా అని, నీ సదువుకు దండం పెట్టినా, ఇంక తిట్టేదానికి మాటల్లేక చెట్టు నీడన కూసుంటే అప్పుడు తట్టినాది, నా పక్కన మా ఆడబిడ్డ ఉండె గదా, నువ్వు పలకరించింటే ఎవురీ పాప అని అడిగుండు, నేనేం సెప్పుదును, మోకాళ్ళ డాక్టరని అందామంటే నీకు డాక్టరు మొగమే లేదాయె, అందుకని నాకోసరమే తిప్పుకునింటుంది అనుకున్నా, అట్ల అనుకున్నానో లేదో కండ్లల్లో నీళ్ళు గిర్రున తిరిగినాయి, మా లక్ష్మి గూడా నాకోసరమే తిప్పుకునిందేమో పాపా, మొగమంతా నొప్పి పెట్టుకుని నాకు సూపించలేక, అని కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని, నువ్వు సెప్పు, నాకోసరమే గదా తిప్పుకుంటివి అని అడిగింది.

అవును అంటే అయిపోతుంది, తను మింగిన మాటే, సత్యవేడునుంచి తనంతట తాను బస్సెక్కి వచ్చి ఎదురుగా కూర్చుంది, దానికి ఒక్క అవును తగిలిస్తే ఈ మనిషి ఇంటికెళ్ళి అన్నం తింటుంది, నోరు అవును అనడానికి విచ్చుకుంది కూడా, కానీ ఆ అవును కింద పూర్తి నిజం లేదు, లేనిదాని మీద చనిపోయిన చెల్లెలి ముఖాన్ని నిలబెట్టడం ఎలా, ఎప్పుడో ఒకరోజు కదులుతుంది, అందుకని వేదిక ఆమె కళ్ళలోకే చూసి, సగం మీకోసమేనమ్మా, మీవాళ్ళు అడుగుతారనే, మిగతా సగం నా భయం, ఏం చెయ్యాలో తెలియక కంగారుపడి తిప్పుకున్నాను, మీకు ఎంత నొప్పో తెలిసి కూడా, నాది తప్పు అంది, భారతమ్మ కిటికీ బయటికి చూస్తోంది, కింద ఆటోవాళ్ళు ఏదో గొడవపడుతున్నారు, అటు చూస్తూనే సగమా అంది, సగమేనమ్మా అంది వేదిక, ఇక లేచి వెళ్ళిపోతుంది అనుకుంది.

భారతమ్మ వెళ్ళలేదు, కుర్చీలో వెనక్కు వాలింది, దానికీ సగమే ఉన్నిందేమోలే అంది, సగం నాకోసరం, సగం నామీద కోపం, అంత మాట అంటే కోపం లేకుండా ఎట్లుంటాది, ఉంటాది, కోపమే లేదంటే నేనే నమ్మను, దాని సంగతి నాకు తెలీదా, ఉండనీ పాపా, సగం ఉంటే సాలు నాకు, అని కొంగుతో ముఖం గట్టిగా ఒకసారి తుడుచుకుని, పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు, తినేదానికి ఏమన్నా పెట్టుకున్నావా అని అడిగింది, తినడం గురించి ఆమె తనంతట తాను ఎవరినైనా అడగడం వేదిక వినడం అదే మొదటిసారి, ఏ పాఠంలోనూ చెప్పని పని చేసింది, అమ్మ పెట్టిన దద్దోజనం డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపింది, ఆమె తింటుంటే చూస్తూ కూర్చుంది, ఇన్నాళ్ళూ ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళకు పోగొట్టుకున్నది మొత్తంగా, మచ్చ లేకుండా తిరిగి దొరకాలని తాపత్రయపడింది, అలా మొత్తంగా ఎవరికీ ఎవరూ దొరకరు, బతికున్నవాళ్ళే దొరకరు, కోపమూ భయమూ కలిసిన ఆ సగం కూడా ప్రేమే, మనిషి దాంతోనే మళ్ళీ అన్నం తింటుంది.