చెయ్యెత్తిన సేటు

సూర్యాపేటలో ఎరువుల దుకాణం నడిపే జగదీశ్ సేటు ఏ పనికైనా లాభమెంత, నష్టమెంత అని ముందే చూసుకునే మనిషి. 1988 ఆగస్టు పదిహేనున బడిలో జాతీయ గీతానికి బ్యాండు మేళం పెట్టిద్దామన్నది అతనే. పదిమందిలో పెద్దమనిషి అనిపించుకోవడానికి అంతకన్నా చవకైన దారి అతనికి కనబడలేదు.

మేళం, కోదాడ దారిలో ఉన్న చివ్వెంల ఊరి మత్తయ్యది. ఎండాకాలంలో జగదీశ్ తమ్ముడి పెళ్లికి కోదాడలో ఊరేగింపు వాయించింది వాళ్లే. అప్పుడు మత్తయ్యకు ఒక్కటే మాట చెప్పాడు: "నేను చెయ్యెత్తిన్నంటే పాట ఆపాలె. హారతులిచ్చే కాడ మోగిందో, ఊకోను." మత్తయ్య ఆ మాట తప్పలేదు. ఎన్ని ఇళ్ల ముందు చెయ్యెత్తితే అన్ని చోట్లా ఆపాడు.

జెండా ఎగరేసిన ఆఫీసరు పక్కనే జగదీశ్ నిలబడ్డాడు. సరోజ పంతులమ్మ గొంతెత్తింది. మత్తయ్య క్లారినెట్ అందుకున్నాడు. పాట సగానికి వచ్చేసరికి, జెండాలోంచి రాలి జగదీశ్ నెత్తిన నిలిచిన బంతిరేకు ఒకటి జారి కాలరులో దూరింది. దురద తాళలేక చెయ్యెత్తి దులుపుకున్నాడు.

మేళం టక్కున ఆగిపోయింది.

పంతులమ్మ గొంతు ఒంటరిగా రెండు మాటలు సాగి తడబడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె కళ్లనీళ్లతోనే పూర్తి చేసింది.

"మధ్యల ఎందుకాపినవయ్యా?" అన్నాడు ఆఫీసరు.

మత్తయ్య ఒక్కసారి జగదీశ్ వైపు చూశాడు. "తప్పయింది సార్."

"పెండ్లి మేళాన్ని తెస్తే గిట్లనే ఉంటది" అన్నాడు హెడ్మాస్టరు.

జగదీశ్ కాలరు సర్దుకున్నాడు.

ఆ వారమే, ఈ సంగతి విన్న మిర్యాలగూడ పెళ్లివాళ్లు మత్తయ్య మేళం వద్దన్నారని తెలిసింది. జగదీశ్‌కు అన్నం సయించలేదు. చివ్వెంల వెళ్లాడు.

"చెయ్యెత్తింది నేనే గద మత్తయ్యా. గాడ ఎందుకు చెప్పలే?"

"మీరే చెప్తరనుకున్న సేటూ. నేను చెప్తే ఎవడు నమ్ముతడు? ఇప్పటికన్న ఒక్క మాట చెప్పుండ్రి. మాకు ఇంకో పని రాదు."

"రేపే చెప్త."

మర్నాడు నిజంగానే బడికి వెళ్లాడు. హెడ్మాస్టరు కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "బడి కమిటీకి మీరే పెద్దగ ఉండాలె సేటూ. జనవరికి ఇగ మేళం వద్దు, టేప్‌రికార్డరు పెడదం."

గొంతు దాకా వచ్చిన మాట టీతోపాటే దిగిపోయింది. టేప్‌రికార్డరు తానే కొనిస్తానని చెప్పి జగదీశ్ లేచాడు.

ఆ తర్వాత కోదాడ పోయినప్పుడల్లా, బస్సు చివ్వెంల దాటేదాకా అతను కళ్లు మూసుకుని నిద్ర నటించేవాడు.