సున్నపు బొట్టు పెట్టిన ఆనపకాయ

శరన్మేఘశకలములు పింజలు విడిన దూదివలె నాకసమున దేలియాడుచుండ సాల్వీను నదీజలములు వర్షర్తుకాలుష్యమును విడిచి ప్రసన్నములై ప్రవహించుచుండ మౌల్మీను పట్టణోపాంతమున బియ్యపు మిల్లుల పొగగొట్టములనుండి వెడలు ధూమము ప్రభాతకాంతులతో గలసి ధూసరచ్ఛాయల నీనుచుండ, ఆమిల్లు కూలీల యిండ్లవరుసలో గడపటి యింటి పెరటియందు నూకాలమ్మ యను పదునెనిమిదేండ్ల కన్య యెండిపోయిన యొక ఆనపపాదును జూచుచు నిలువబడియుండెను. ఆదినము ఆమె యవ్వ యసిరమ్మకు పదునొకండవనాటి కర్మము. ఇంటిలో బంధువులు వంటకు గూరలు దరుగుచుండిరి.

అసిరమ్మ పదునాల్గవయేట పెనిమిటి వెంట కళింగపట్టణపు రేవున పొగయోడ నెక్కి యీ బర్మాదేశమునకు వచ్చినది. ఓడ కదలకమున్ను తల్లి యామె కొంగున ఏడు ఆనపగింజలు ముడివైచి పంపెనట! నగలా, పట్టుచీరలా, ఏడు గింజలు! ఆతల్లిని మరల జూచు భాగ్యము అసిరమ్మకు లేకపోయెను. ఏబదియేండ్లు ప్రతివత్సరమును పాదు పెట్టి, తొలికాయకు తాంబూలపు సున్నముతో బొట్టు పెట్టి, "ఇది మాయమ్మ. దీని జోలికి పోవలదు" అని యింటిల్లిపాదికి నుత్తరువు చేసెడిది. ఆకాయ మరుసటియేటి విత్తనములకై తీగమీదనే ముదిరి యెండి గలగలలాడువరకు దానిని ముట్టినవారికి మూడినట్లే!

ఈయేడు దైవము పగబట్టినట్లు అటకమీద దాచిన విత్తనములన్నియు నెలుకల పాలు కాగా అంతకుముందే నాటిన తీగ యొక్కటి మిగిలినది. కాచినవి నాలుగు కాయలు. మూడు కూరలైనవి, బొట్టుకాయ యొక్కటి నిలిచినది. అంతలో నవ్వ జ్వరమున బడి పదిదినములు గంజియైన ముట్టక, యొకనాటి యుదయమున "నూకాలూ, ఆనపకాయ పులుసు తినవలెనని యున్నదే" అనెను. ఆమాటకు మనుమరాలి ప్రాణము లేచివచ్చినది. పెరటికి బరుగెత్తి చూచునప్పటికి బొట్టుకాయ తప్ప వేరొకటి లేదు; అంగడిలో గొందమన్న చేత కాసైన లేదు. ఏమి చేయును పాపము! తీగ పచ్చగా నున్నది, ఇంకొకటి కాయకపోవునా యని గుండె రాయి చేసికొని, కొంగుతో సున్నము తుడిచి, కోసి, చింతపండును బెల్లమును వేసి పులుసు కాచినది.

రెండవ ముద్దలో సగము ముదిరిన గింజ యొకటి యవ్వ పంటికి దగిలెను. దానిని వ్రేళ్లతో దీసి వెలుతురున బట్టి చూచి "తల్లీ, యిది యెక్కడి కాయ?" అని యడిగెను.

"అంగడిది, అవ్వా" అని నూకాలమ్మ బొంకెను.

అవ్వ యామె ముఖమువంక జాలసేపు చూచి "బాగున్నదే. అచ్చముగ మాయమ్మ కాచినట్లున్నది" అని గిన్నె యడుగువరకు దినెను. అటుపిమ్మట నాల్గవదినమున గన్నుమూసెను. తీగయు మరి పూయక ఆవారముననే యెండిపోయెను.

అయ్యో, సముద్రము దాటి యేబదియేండ్లు బ్రతికిన తీగను ఒక్కపూట పులుసు చేసితినే, కడసారి యడిగిన మాటకు సయితము నిజము చెప్పనైతినే యని నూకాలమ్మ యాపందిరిక్రింద కుళ్లి కుళ్లి యేడ్చుచుండెను.

ఆసమయమున ఏటి యావలియొడ్డున గాపురముండు మసేను అను బర్మా ముదుసలి పెరటిదారిని వచ్చెను. ఆమె పూర్వము పొరుగింట నివసించి యసిరమ్మతో కష్టసుఖములు చెప్పుకొన్నది. ఆమె చంకలో నిరుటి యెండు ఆనపకాయ యొకటి, దానిమీద సున్నపు బొట్టు!

"నేనిల్లు మారిననాడు మీయవ్వ నాకు రెండు గింజలిచ్చినది" అని మసేను వచ్చీరాని తెలుగున జెప్పసాగెను. "తొలికాయకు సున్నము పెట్టుము, ముట్టకుము అన్నది. ఎందుకో నేనడుగలేదు, ఇరువదియేండ్లుగా బెట్టుచునే యున్నాను. పోవుటకు రెండుదినములముందు పడవవానిచేత గబురంపినది. 'మాపిల్ల నాకొరకు బొట్టుకాయ గోసినది. ఎక్కడిదని నేనడుగగా భయపడి బొంకినది. నీయొద్దిది దాని చేతికిమ్ము' అని."

నూకాలమ్మ కాయ నందుకొన్నది. కదలింపగా లోన గింజలు గలగలమనెను. దానిని ఱొమ్ముకు హత్తుకొని "అవ్వా! తెలిసియు దింటివా!" అని బావురుమన్నది. మసేను ఆమె తల నిమురుచు తానును గన్నీరు విడిచెను.

మరుసటి శరత్తున ఆపందిరిమీద తొలిపిందె దిగెను. నూకాలమ్మ తడిసున్నమున వ్రేలు ముంచి పిందెకు బొట్టు పెట్టి, చూడవచ్చిన యింటివారివైపు దిరిగి "ఇది మాయవ్వ. దీని జోలికి పోవలదు" అనెను.