మంగళవారం సూది

కాదు, దీన్ని నొప్పి అనడానికి లేదు, నొప్పి అయితే ఒకచోట నిలబడాలి, ఇది నిలబడడం లేదు, బొడ్డు పైన మొదలై లోపలి నుంచి వీపు దాకా పోతోంది, గ్యాసే అయి ఉంటుంది, పొద్దున తాగిన రెండు గుక్కల మజ్జిగ కూడా నిలవలేదంటే గ్యాస్ కాక మరేమిటి, అనుకున్నాడు జయప్రకాశ్. కుర్చీలో ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతోంది. వెనక్కి వాలితే పెరుగుతోంది. అందుకని కౌంటర్ మీద ఏదో కంపెనీ కరపత్రం పరుచుకుని, దాన్ని చదువుతున్నవాడిలా ముందుకే వంగి కూర్చున్నాడు.

ఏన్కూరు సెంటర్లో ఆ పురుగుమందుల దుకాణం పెట్టింది అతని తండ్రి పిచ్చయ్య. కోస్తా నుంచి వచ్చి, ముందు పొలం కొని, తర్వాత దుకాణం తెరిచాడు. ఈ కుర్చీలోనే, యాభై ఒకటో ఏట, మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. జయప్రకాశ్‌కి చావు కన్నా ఎక్కువగా గుర్తున్నది ఆ తర్వాతి సంగతి. నలుగురు పట్టినా ఆ శరీరం కుర్చీలోంచి లేవలేదు. కుర్చీ చేతులకూ గోడకూ మధ్య ఇరుక్కుంది. ఎరువుల బస్తాలు దించే హమాలీలను పిలవాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకడు అలవాటు కొద్దీ భుజం మీద తువ్వాలు మడిచి వేసుకుని వంగాడు.

ఇప్పుడు జయప్రకాశ్‌కి నలభై తొమ్మిది. ఆగస్టులో ఒకరోజు దుకాణంలో ఎవరూ లేనప్పుడు కాటా మీదికి ఎక్కి నిలబడ్డాడు. నూట ఏడు కిలోలు. దిగి, షట్టర్ సగం దించి, కాసేపు చీకట్లో కూర్చున్నాడు. ఆ వారమే ఖమ్మంలో డాక్టర్ జెబా దగ్గరికి వెళ్ళాడు.

ఆమె చిన్న వయసు మనిషి. తొందరపడలేదు. రక్తపరీక్షలు రాసింది, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ గడ్డలు ఉన్నాయా, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయా అని అడిగింది. అన్నీ చూశాకే బరువు తగ్గే సూది రాసింది. చిన్న సీసా, సన్నని సిరంజి. వారానికి ఒక్కసారి, ఎప్పుడూ అదే రోజు, పొట్ట చర్మం కింద. సిరంజి మీద పది గీతల దాకా మందు. నాలుగు వారాలూ పదే, ఆ తర్వాత పెంచాలో వద్దో తాను చూసి చెబుతానంది. ఒక వారం తప్పిపోతే తనను అడగమంది, అంతేగాని రెండు వారాలది కలిపి పొడుచుకోవద్దంది. కొద్దికొద్దిగా తినమంది, నీళ్ళు మానొద్దంది. చివర్లో కాగితం మీంచి తలెత్తి, వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి వీపులోకి పాకినా సూది ఆపేసి వెంటనే రావాలని, ఆ మాట మాత్రం రెండుసార్లు చెప్పింది.

అతను బుద్ధిగా తల ఊపాడు. తన ఎదుట రైతులు ఎలా తల ఊపుతారో అలాగే. డబ్బా మీద చిన్న అక్షరాల్లో అచ్చువేసిన మాటలు ఇవన్నీ, కంపెనీ వాడు తన జాగ్రత్త కోసం వేసుకునేవి అనుకున్నాడు. పాతికేళ్ళుగా అతను ఆ అక్షరాల ప్రకారం ఒక్క డబ్బా అమ్మలేదు. లీటరు నీళ్ళకు ఒక మిల్లీ అని డబ్బా మీద ఉంటే ఒకటిన్నర అని చెబుతాడు. నాలుగు రోజులకు పురుగు చావలేదని రైతు మళ్ళీ వస్తే రెండు అంటాడు. ఈ మిర్చి ప్రాంతంలో అందరూ అంతే. డబ్బా మీద ఉన్నంతే చెప్పే దుకాణదారుణ్ణి పని తెలియనివాడి కింద జమకడతారు.

మొదటి మంగళవారం పది గీతలు తీసుకున్నాడు. వారం తర్వాత కాటా ఎక్కితే కిలో కూడా తగ్గలేదు. ఆకలి మాత్రం కొంచెం తలొంచింది. తలొంచినప్పుడే గట్టిగా కొట్టాలి, లేకపోతే రెట్టించి లేస్తుంది అన్నది అతనికి మిర్చి నేర్పిన పాఠం. రెండో మంగళవారం ఇరవై. మూడో మంగళవారం వానలు వెలిసి, తామర పురుగు లేచి, దుకాణం నిండా జనం. సూది సంగతే గుర్తులేదు. పోయిన మంగళవారం సిరంజి పట్టుకుని నిలబడి లెక్క వేశాడు. తప్పిన వారానిది ఇరవై, ఈ వారానిది ఇరవై.

బుధవారానికి ఆకలి చచ్చిపోయింది. నిజంగానే చచ్చిపోయింది. మొదట గెలిచినట్టు అనిపించింది. సెంటర్లో మిర్చి బజ్జీల బండి పక్కనుంచి నడిచి వెళ్ళాడు, ఆ నూనె వాసన ఎవరో పరాయివాళ్ళ ఇంట్లోంచి వచ్చినట్టుంది. కానీ గురువారం సాయంత్రం అతనికి ఒక వింత భయం పట్టుకుంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆకలి తనతో ఉంది. విసుగొచ్చినా అదే, దిగులేసినా అదే, తండ్రి పోయిన రోజు కూడా వంటింట్లో నిలబడి ఎవరూ చూడకుండా ముద్దలు మింగించింది అదే. ఇప్పుడది లేదు. లోపలంతా సామాను తీసేసిన గదిలా ఉంది. ఆ ఖాళీ గదిలో మరెవరో మెల్లగా తిరుగుతున్నారు. శనివారం నుంచి వాంతులు. ఆదివారం నుంచి ఈ గ్యాస్.

ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని ఇంట్లో అతను కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకునేవాడు. భార్య సుజన రెండు రోజులు ఊరుకుంది. ఈ పొద్దున అతను బాత్రూం తలుపు తీసేసరికి ఎదురుగా అతని ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. అవతల డాక్టర్ జెబా. ఎన్ని గీతలు తీసుకుంటున్నారని అడిగింది డాక్టరు.

"పదే," అన్నాడు.

ఆ మాట అడిగీ అడగకముందే వచ్చింది. నొప్పి ఏమైనా ఉందా అని అడిగితే లేదన్నాడు. పదికి ఇన్ని వాంతులు కావడం తనకు నచ్చడం లేదని, ఈ రోజు తీసుకోవాల్సిన సూది వద్దని, ఎందుకైనా మంచిది వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళమని చెప్పింది ఆమె. సాయంత్రం వస్తానని చెప్పి కారు తీశాడు. గేటు దగ్గర సుజన అద్దంలోంచి లోపలికి వంగింది.

"నాతో అబద్ధమాడితే ఆడండి. అలవాటే. ఆవిడతో వద్దు," అంది.

దారి పొడుగునా ఆ మాట అతని పక్క సీట్లో కూర్చుని వచ్చింది. ఎందుకు చెప్పలేకపోయాడు? సిగ్గా? డాక్టరు కసురుతుందనా? అవేవీ కావు. ఇంకేదో ఉంది. దాని దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మనసు పక్కకు తప్పుకుంటోంది, గతుకు చూసి స్టీరింగ్ తిప్పినట్టు.

పదకొండు గంటలకు దూలయ్య వచ్చాడు. అడవి అంచున ఎకరన్నర మిర్చి వేసిన రైతు. చేతిలో ఒక కొమ్మ, కాగితంలో చుట్టి ఉంది. లోపలికి వస్తూనే ఆగి చూశాడు.

"ఏంది సేటూ, గట్ల కూసున్నవ్? మనిషివి సగమైనవ్. ఇంట్ల అమ్మ తిండి బంద్ పెట్టిందా?"

"కడుపు బాగలేదు. ఏం తెచ్చినవ్?"

దూలయ్య కాగితం విప్పాడు. ఆకుల అంచులు మాడి లోపలికి ముడుచుకున్నాయి. చిగురు నల్లబడింది. అది పురుగు పని కాదని జయప్రకాశ్ చూస్తూనే గుర్తుపట్టాడు. మందు ఎక్కువై మాడిన చెట్లు అతని చేతుల మీదుగా ఎన్నో పోయాయి.

"ఎంత పోసినవ్?"

"నువ్వు జెప్పినంతనే. ఒకటిన్నర."

జయప్రకాశ్ కొమ్మను కౌంటర్ మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రైతులెప్పుడూ తక్కువ చేసే చెబుతారు. దానికి తగ్గట్టు తనే కలుపుకుంటూ వచ్చాడు ఇన్నేళ్ళూ. ఈ రోజు కలుపుకునే ఓపిక లేదు. వీపులో ఎవరిదో చెయ్యి మెలిపెడుతున్నట్టుంది.

"దూలయ్యా, నిజం చెప్పకపోతే నేనేం చెప్పగలను? ఎంత పోసినవ్?"

గొంతు తనకే కొత్తగా వినిపించింది. దూలయ్య తల గోక్కున్నాడు. బయట ఆటోల వైపు చూశాడు.

"మూడు. నాల్గు రోజులాగి మళ్ళ మూడు."

"మరి ఇందాక ఎందుకు చెప్పలేదు? తిడతాననా?"

"నువ్వు తిడ్తే ఏమైతది సేటూ, ఎప్పుడు తిట్టలేవు? నోట్లకెల్లి వస్తే నేనే సంపుకున్నట్టయితది తోటను. చెప్పనంత సేపు పురుగు సంపిందని ఉంటది."

సెంటర్లో బస్సు ఒకటి హారన్ కొడుతూ మలుపు తిరిగింది. జయప్రకాశ్ నుదుటి మీద చెమట పట్టింది, చల్లటి చెమట. తోట బతుకుతుందా అని అడుగుతున్నాడు దూలయ్య. మంచి నీళ్ళు కొట్టమని, ఇక ఏ మందూ కొట్టొద్దని, చిగురు వస్తే వస్తుందని చెప్పాడు.

"ఏ మందూ వద్దా?" దూలయ్య నమ్మలేనట్టు వెనక అరల్లోని డబ్బాలను చూశాడు. "దుకాణం బంద్ జేస్తున్నవా ఏంది?" అని తనే చిన్నగా నవ్వి, ఆటో దొరికేదాకా కూర్చుంటానని బయట బస్తాల మీద చతికిలబడ్డాడు.

జయప్రకాశ్ లేచి గోడ పట్టుకుని వెనక గదిలోకి నడిచాడు. అక్కడ చిన్న ఫ్రిజ్ ఉంది. విత్తనాలకు పట్టించే మందు సీసాల వెనక, సుజన కంటపడకుండా, అతని సూదిమందు సీసా ఉంది. ఈ రోజు మంగళవారం. ఎందుకు వచ్చాడు ఇక్కడికి? సీసాను పారేయడానికి అనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. కానీ ఫ్రిజ్ తలుపు తీసిన చేతికి వేరే పని తెలుసు. సిరంజి కవరు చింపింది, సీసా మూత మీద దూది రాసింది, సూది గుచ్చి తలకిందులు చేసి లాగింది. సగంలో ఆపితే లేస్తుంది, ఈ ఒక్కసారి ఆపితే ఆకలి తిరిగొస్తుంది, నూట ఏడు తిరిగొస్తుంది, కుర్చీ తిరిగొస్తుంది అని ఎవరో పాఠం చెబుతున్నట్టు లోపల వినిపిస్తూనే ఉంది. ఆ గొంతులో దయ లేదు, కోపమూ లేదు. కౌంటర్ వెనక నుంచి పాతికేళ్ళుగా అతను మాట్లాడే గొంతే అది.

చొక్కా పైకెత్తాడు. పొట్ట చర్మం కాస్త వదులై వేలాడుతోంది. సూది మొన తగిలీ తగలకముందే లోపలి చెయ్యి ఒక్కసారి పిడికిలి బిగించింది. పక్కనున్న బకెట్లోకి వాంతి వచ్చింది, తిన్నది ఏమీ లేదు గనక పచ్చటి పసరు మాత్రమే. రెండోసారి కూడా. ఆ తర్వాత కింద కూర్చుండిపోయాడు. సిరంజి ఎక్కడో దొర్లిపోయింది. సిమెంటు నేల చల్లగా ఉంది. వెన్ను గోడకు ఆనిస్తే నొప్పి, ఆనించకపోతే పడిపోతాడు.

కళ్ళు మూసుకున్నాడు. భయం వేస్తుందనుకున్నాడు గానీ వేయలేదు, అదే భయపెట్టింది. ఇలాగే కూర్చోవచ్చు. అడిగితే గ్యాస్ అని చెప్పవచ్చు. సాయంత్రం రక్తం తీసినా డాక్టరు పది గీతల మనిషి కోసమే వెతుకుతుంది, పది గీతల మనిషికే మందు రాస్తుంది. ఆ మనిషి ఎక్కడా లేడు. ఎవరో లేనివాడికి వైద్యం జరుగుతుంది, ఉన్నవాడు ఇక్కడ నేల మీద ఉంటాడు. ఎంతసేపు? ఖమ్మం ఇక్కడికి గంట దూరం. ఈ లెక్క కూడా చాలా నెమ్మదిగా, ఎవరి గురించో వేసుకున్నట్టు వేసుకున్నాడు.

బయట దూలయ్య దగ్గాడు. బతికున్న మనిషి దగ్గు అది, మోటుగా, దగ్గరగా. పిలిస్తే పలుకుతాడు.

పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. చెప్పులు ఈడుస్తూ వచ్చిన దూలయ్య గుమ్మంలోనే ఆగిపోయి, అయ్యో అని కూడా అనకుండా, జబ్బ కింద చెయ్యి వేసి లేపబోయాడు. జయప్రకాశ్ తల అడ్డంగా ఊపి జేబు వైపు చూపించాడు. దూలయ్య ఫోన్ తీసి చేతికిచ్చాడు. పొద్దుటి నంబరు పైనే ఉంది. సుజనను పిలువు, కారు తోలేవాణ్ణి పిలువు, ఎవరినైనా పిలువు అంటోంది మనసు. మిగతా అందరితోనూ కడుపు బాగలేదు అని చెప్పి సరిపెట్టవచ్చు.

మూడో రింగుకు అవతల ఎత్తారు. వెనక పేషెంట్ల మాటలు, ఎవరో పసివాడి ఏడుపు. చెప్పండి జయప్రకాశ్ గారూ, నొప్పి మొదలైందా అంటోంది డాక్టరు. దూలయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని అతని మొహంలోకే చూస్తున్నాడు.

జయప్రకాశ్ పెదవులు తడుపుకున్నాడు.

"పది కాదు డాక్టరమ్మా," అన్నాడు. "నలభై."