వంటింటి సున్నా

బయటి గాలిలో ఆన్ చేయాల్సిన విషవాయువు మీటరును, వానలో తడవడమెందుకని, నీళ్లు కాచే గ్యాసు బాయిలర్ల మెకానిక్ తన అక్క వంటింట్లోనే ఆన్ చేశాడు. ఆన్ చేసిన చోటి గాలినే అది సున్నాగా లెక్కేసుకుంటుంది.

"పొద్దున్నుంచి తల దిమ్ముగా ఉందిరా," అంది అక్క.

"నీకు తలనొప్పి లేనిదెప్పుడక్కా?"

మీటరు గొట్టాన్ని బాయిలర్ పొగగొట్టంలో దూర్చి, గ్యాసు తక్కువ తాగి బాగా మండేలా మరను వెంట్రుకవాసి తిప్పాడు. విషవాయువు అంకె బుద్ధిగా దిగింది. పాతికేళ్ల అనుభవమున్న చెయ్యి మరి.

అతను గుమ్మం దాటగానే అక్క గడియ పెట్టుకుని పడుకుంది.

వాన వెలిసింది. వీధిలో నడుస్తున్న అతని చేతిలో మీటరు ఇంకా ఆన్‌లోనే ఉంది. శుభ్రమైన గాలిలో అది సున్నా చూపాలి. మైనస్ రెండు వందలు చూపింది.

అంటే, వంటింట్లో సున్నా అనుకున్నదే రెండు వందల విషం.

వెనక్కి పరుగెత్తి తలుపు బాదాడు. లోపల్నుంచి బాయిలర్ మండుతున్న చప్పుడొక్కటే పలికింది.