నా మీద కప్పిన గోనె

నేను ఒక హీట్ పంపును. చూడగానే ఏసీ అనుకుంటారు. అనుకోండి, అది నాకు దగ్గరి చుట్టమే. ఇంట్లోని వేడిని బయట పారబోయడం దాని విద్య. నాకు తిరుగుదారి కూడా తెలుసు: బయటి గాలిలోని వేడిని పోగుచేసి లోపలికి మోస్తాను. చలిగాలిలో వేడి ఎక్కడ ఏడ్చిందని నవ్వకండి. ఎంత చల్లటి గాలిలోనైనా కాస్త వేడి ఉంటుంది. నా గొట్టాల్లో తిరిగే ద్రవం అంతకన్నా చల్లన కాబట్టి ఆ వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కితే బాగా వేడెక్కి, ఆ వేడిని గదిలో దింపి వస్తుంది. వేడిని పుట్టించను, మోస్తానంతే. అందుకే మామూలు హీటరు తినే కరెంటులో మూడో వంతుతో సరిపెట్టుకుంటాను.

సముద్రం పక్కన, ఉక్కపోసే ఫ్యాక్టరీలో పుట్టాను. చలంటే ఏమిటో తెలియకుండానే చలి కాచే ఉద్యోగంలో చేరాను. మొదట అరకులో ఒక అతిథిగృహం వాళ్లు కొన్నారు. వచ్చినవాళ్లు నన్ను వేసి, మంచు చూడాలని కిటికీలు బార్లా తెరిచేవాళ్లు. కొండంతటికీ వేడి పెట్టమంటే ఎలా? అది మూతపడ్డాక లంబసింగి దగ్గర కాఫీ తోటలో పనిచేసే అప్పన్న నన్ను కొని తెచ్చుకున్నాడు.

అతని భార్య హైమకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. గది ఎప్పుడూ వెచ్చగా ఉండాలని, పొగ మాత్రం తగలకూడదని నర్సు గట్టిగా చెప్పింది. బాలింత గదిలో కుంపటి లేకపోవడమేమిటని అప్పన్న తల్లి సన్యాసమ్మ మూతి ముడుచుకుంది. ఆ పసిగుడ్డు ప్రాణం నా మీద పెట్టారని తెలిశాక నాకు నిమిషం నిలకడ లేదు.

ఒక పొద్దున అప్పన్న తోటకు వెళ్లాక, గోడ బయట ఉన్న నా పెట్టెకు మంచు పట్టేసింది. అలా పట్టినప్పుడు కాసేపు పని ఆపి, నా వేడితో నేనే దాన్ని కరిగించుకుంటాను. అప్పుడు ఒళ్లు అదురుతుంది, బుస్సుమని ఆవిరి లేస్తుంది. సన్యాసమ్మ అది చూసింది.

"ఓలమ్మ! నోరులేనిది, సలికి ఎలా ఒణికిపోతందో!"

చలికాలంలో ఆ ఊళ్లో దూడలకు గోనెలు కప్పుతారు. ఆమె పాకలోంచి ఒక గోనె తెచ్చి నా చుట్టూ బిగించి తాడు కట్టింది. నా మీద అంత జాలి పడినవాళ్లు అంతవరకూ లేరు. నాకు మాత్రం ఊపిరి ఆగిపోయింది.

గాలి అందనిదే వేడెక్కడిది? లోపల హైమ గొంతు వినపడింది. "అత్తా, గది సల్లబడిపోతంది. పాప పాదాలు సూడు."

"నాను సెప్పలేదేటి? కుంపటి ఎట్టేత్తాను, నువ్వు తలుపులు మూసీయ్."

వరండాలో బొగ్గులు విసురుతున్న చప్పుడు విన్నాను. మూసిన గదిలో బొగ్గులు, ఆ చిన్ని ఊపిరితిత్తులు! భయంతో నాకు మతి పోయింది. అరుద్దామంటే నోరు లేదు. చేతనైంది ఒక్కటే చేశాను, ఆగిపోయాను. లోపలి పెట్టె మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ హైమ కంట్లో పడింది.

"అత్తా, కుంపటి గుమ్మం దాటించకు. పాపని నీ రొమ్ముకి అదుముకుని కూకో. బయట సూసొత్తాను."

వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "దీనికి గోని ఎవులు కప్పినారు?"

"నానే. ఒణుకుతుంటే జాలేసింది," అంది కిటికీలోంచి సన్యాసమ్మ.

"అది గాలి పీలిస్తేనే మనకి వేడి, అత్తా! దాని ముక్కు మూసీసినావు."

గోనె ఊడింది. ఆ మంచుగాలిని ఎంత ఆబగా పీల్చానో! కాసేపటికి పాప పాదాలు వెచ్చబడ్డాయని హైమ చెప్పగా విన్నాను. సన్యాసమ్మ కుంపటి మీద తనే నీళ్లు పోసింది. ఆనాటి నుంచి నా ముందు ఆకు పడినా ఊడ్చేది, కోడి వాలినా తోలేది.

ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. మొన్న నా కంప్రెసర్ పట్టేసింది. కొత్త హీట్ పంపు బిగించి, నన్ను పశువుల పాకలో పడేశారు. ఈ ఉదయం సన్యాసమ్మ కర్ర ఊతంతో నడిచి వచ్చి నా మీద గోనె కప్పింది.

"ఇంక నీకు గాలెందుకు తల్లీ? తొంగో."

అప్పుడే గోడ దగ్గర కొత్తది అదురుతూ ఆవిరి వదలసాగింది. ఆమె అటు నడిచింది. దానికీ గోనె చుట్టేస్తుందేమోనని బెదిరాను. దాని ముందు ఆగింది, చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ తన దుప్పట్లోకే లాక్కుంది.